ఆటలో తొండి ఎక్కడుందో చూడండి

(బెంగళూరు మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో, నెలకోసారి కలుసుకునే తెలుగువాళ్ళ ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. చివర అడిగిన ప్రశ్నల్లో కొన్నే ఇక్కడున్నాయి.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, అదీ సిల్క్ బోర్డు అవతలి నుంచి కూడా కొందరు వచ్చారని తెలిశాక నాకు కాస్త టెన్షన్ మొదలైంది. ఆ పెట్రోలు ఖర్చుకైనా గిట్టుబాటయ్యేలా మాట్లాడాలి కదా.

నేను రాకెట్ ఇంజన్ల మనిషిని కాదు. ఉపగ్రహాల్లో థర్మల్ పని చేస్తాను. లోపలున్న ఎలక్ట్రానిక్స్ పెట్టెలు ఎండకి మాడిపోకుండా, నీడలో గడ్డకట్టుకుపోకుండా చూడటం నా ఉద్యోగం. రాత్రిపూట ఇంట్లో అందరూ పడుకున్నాక కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆడతాను. ఇక్కడ ఆడేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. పిల్లలకన్నా నాన్నలే ఎక్కువున్నట్టున్నారు. (నవ్వులు)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మెక్సికోలోని స్క్వాడ్ అనే కంపెనీ 2011లో బయటపెట్టిన ఆట ఇది. పచ్చటి బుల్లి మనుషులుంటారు, కెర్బల్స్ అని. వాళ్ళకి మనం రాకెట్ కట్టిపెట్టాలి. ట్యాంకు, ఇంజను, రెక్కలు, పారాషూటు ఒక్కొక్కటే తగిలించుకుంటూ వచ్చి, చివరికి స్పేస్‌బార్ నొక్కాలి. చాలాసార్లు పేలిపోతుంది. అయినా ఇది ఉత్త బొమ్మలాట కాదు. లోపల నడిచేది న్యూటన్ లెక్కే. 2013 నవంబరులో మన మంగళయాన్ నేరుగా అంగారకుడి దారి పట్టకుండా, భూమి చుట్టూ తిరుగుతూ, దగ్గరికొచ్చిన ప్రతిసారీ కాసేపు ఇంజను మండించి కక్ష్యని సాగదీసుకుంటూ పోయింది. ఎందుకలా చేశారని ఈ ఆట ఆడే ఏడో క్లాసు పిల్లాణ్ణి అడగండి, టకటకా చెప్పేస్తాడు.

మామూలు ఆటలో ఒకే సూర్యుడుంటాడు, చుట్టూ గ్రహాలు. వేరే నక్షత్రానికి వెళ్ళాలంటే ఆటగాళ్ళు సొంతంగా తయారుచేసిన మాడ్‌లు వేసుకోవాలి. రెండో భాగంలో నక్షత్రయానం ఉంటుందన్నారు. 2023 ఫిబ్రవరిలో ఆ ఆట సగం వండిన దశలోనే అమ్మకానికి వచ్చింది, 2024లో దాని పని ఆగిపోయింది, నక్షత్రాల భాగం రానేలేదు. కాబట్టి ఇప్పటికీ మాడ్‌లే దిక్కు. ఫార్ ఫ్యూచర్ టెక్నాలజీస్ అని ఒకటి, ఇంటర్‌స్టెల్లార్ ఎక్స్‌టెండెడ్ అని ఇంకొకటి. వాటిలో ఫ్యూజన్ ఇంజన్లు దొరుకుతాయి. మన పాఠ్యపుస్తకాల్లో కేంద్రక సంలీనం అంటారే, అది. తేలిక అణువులు కలిసి బరువైనవిగా మారేటప్పుడు వచ్చే శక్తితో నడిచే ఇంజను.

ఇది ఆటే కదా, నిజం కాదు అని కొట్టిపారేయడం సులువు. నేను ఇంకోలా చూస్తాను. ఆట చేసేవాళ్ళకి ఫిజిక్స్ తెలియక తప్పు పెట్టరు. ఎక్కడ నిజం పెడితే ఆట నడవదో, సరిగ్గా అక్కడ మాత్రమే తొండి ఆడతారు. అంచేత తొండి ఎక్కడుందో పట్టుకుంటే, నిజంగా నక్షత్రాలకి వెళ్ళాలనుకునే ఇంజనీరు తల ఎక్కడ బద్దలుకొట్టుకుంటాడో తెలిసిపోతుంది.

చిన్న తొండి ఒకటి అందరికీ తెలిసిందే. ఆటలోని గ్రహం కెర్బిన్ వ్యాసార్థం 600 కిలోమీటర్లు, మన భూమిది 6,371. అందుకని అక్కడ కక్ష్యలోకి చేరడానికి సెకనుకి 3,400 మీటర్ల వేగం చాలు, మనకి దారి నష్టాలతో కలిపి 9,400 దాకా కావాలి. పిల్లలు సాయంత్రం హోంవర్కుకి ముందే కక్ష్యలోకి వెళ్ళిరావాలి కాబట్టి దీన్ని క్షమించేద్దాం.

ఇప్పుడు ఇంజను సంగతి. ఆటలో పార్టుల జాబితాలో ఇంజను మీద రైట్ క్లిక్ చేస్తే థ్రస్ట్ ఎంత, ఐఎస్పీ ఎంత అని చూపిస్తుంది. థ్రస్ట్ అంటే ఎంత గట్టిగా తోస్తుందో. ఐఎస్పీ అంటే ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో. సెకన్లలో ఇస్తారు. దాన్ని 9.8తో గుణిస్తే, ఇంజను వెనక్కి చిమ్మే వాయువు వేగం వస్తుంది. మన ఎల్‌వీఎం3 పైదశలో ఉండే సీఈ-20 క్రయోజెనిక్ ఇంజను ఐఎస్పీ 443 సెకన్ల దరిదాపు, అంటే సెకనుకి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఆటలో నెర్వ్ అనే అణు ఇంజను ఐఎస్పీ 800. ఇది ఊహ కాదు. అమెరికావాళ్ళు 1973లో ఆపేసిన నెర్వా అణు రాకెట్ అంకెలకి దగ్గరదే.

రష్యా బడిపంతులు త్సియాల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సూత్రం చాలా నిక్కచ్చిగా ఉంటుంది. ఇంధనం నింపిన బరువుని ఖాళీ బరువుతో భాగించి, లాగరిథమ్ వేసి, వెనక్కి చిమ్మే వేగంతో గుణించాలి. ఓడకి వచ్చే వేగం అంతే, ఒక్క మీటరు ఎక్కువ రాదు. కాంతి వేగంలో 12 శాతం, అంటే సెకనుకి 36,000 కిలోమీటర్లు కావాలనుకోండి. సీఈ-20 లాంటి ఇంజనుతో ఆ నిష్పత్తి 3,600 అంకెల సంఖ్య అవుతుంది. విలువ 3,600 కాదండీ, రాయడానికే 3,600 అంకెలు పడతాయి. కనిపించే విశ్వంలో అణువులన్నీ లెక్కేసినా 80 అంకెల దగ్గర ఆగిపోతుంది. రసాయన ఇంధనం గురించి ఇక మాట్లాడక్కర్లేదు. వోయేజర్ 1 సెకనుకి 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. మనకి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా ఉన్నంత దూరం పోవడానికి దానికి ఇంచుమించు 75,000 ఏళ్ళు పడుతుంది.

ఫ్యూజన్ ఇక్కడ రంగంలోకి దిగుతుంది. కిలో హైడ్రోజన్, ఆక్సిజన్ మిశ్రమం కాలిస్తే 1.3 కోట్ల జౌళ్ళు వస్తాయి. డ్యుటీరియం అంటే బరువైన రకం హైడ్రోజన్, హీలియం-3 అంటే తేలిక రకం హీలియం. ఈ రెండింటి మిశ్రమం ఒక కిలో పూర్తిగా సంలీనమైతే మూడున్నర కోటి కోట్ల జౌళ్ళు. ఆ శక్తంతా వెనక్కి చిమ్మే వేగంగా మారితే అది కాంతి వేగంలో దాదాపు 9 శాతం. కాగితం మీద.

హీలియం-3 ఎందుకంటారా? భూమ్మీద ఎక్కువమంది ప్రయత్నిస్తున్నది డ్యుటీరియం, ట్రిటియం (ఇంకా బరువైన హైడ్రోజన్) జంటతో. అది మిగతావాటికన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది. ఆ తక్కువ కూడా పది కోట్ల డిగ్రీల పైమాటే అనుకోండి. కానీ వచ్చిన శక్తిలో 80 శాతం న్యూట్రాన్ ఎత్తుకుపోతుంది. న్యూట్రాన్‌కి విద్యుదావేశం లేదు, అయస్కాంతం మాట వినదు. ఇష్టమొచ్చిన దిక్కుకి పోయి, అడ్డొచ్చిన లోహాన్ని వేడెక్కిస్తుంది. హీలియం-3తో అయితే ప్రోటానూ, హీలియం కేంద్రకమూ వస్తాయి. రెండింటికీ ఆవేశం ఉంది, అయస్కాంత క్షేత్రంతో వాటిని వెనక్కి మళ్ళించవచ్చు. రాకెట్‌కి కావలసింది అదే. మరి ఆ హీలియం-3 ఎక్కడ దొరుకుతుంది అంటే, ఆటలో ట్యాంకు మీద క్లిక్ చేస్తే దొరుకుతుంది. (నవ్వులు)

దీన్ని ఆటకన్నా ముందే సీరియస్‌గా లెక్కేసినవాళ్ళున్నారు. 1973 నుంచి 1978 దాకా బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీవాళ్ళు డేడలస్ అని ఒక ఓడని కాగితం మీద గీశారు. అలన్ బాండ్ నాయకత్వం. జీతం భత్యం లేని పని, అందరూ తీరిక వేళల్లో చేసిందే. ఫ్యూజన్ ఓడల మాడ్‌లు చూస్తే నాకు అందులో సగం డేడలస్ పిల్లల్లాగే కనిపిస్తాయి. 54,000 టన్నుల ఓడ. అందులో 50,000 టన్నులు ఇంధనమే. రెండు దశలు. మొదటిది రెండేళ్ళ పైచిలుకు మండి కాంతి వేగంలో 7.1 శాతానికి, రెండోది మరో 1.8 ఏళ్ళు మండి 12 శాతానికి తీసుకెళ్తాయి. ఆ తర్వాత ఇంజను ఆపేసి 46 ఏళ్ళు ఊరికే జారిపోవడం. ఆరు కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బార్నార్డ్ నక్షత్రం పక్కనుంచి దూసుకుపోతుంది. ఆగదు.

ఆ ఇంజనులో ఒక్క క్షణం ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. గట్టిగా గడ్డకట్టించిన డ్యుటీరియం, హీలియం-3 ఉండ, బరువు మూడు గ్రాములకి కాస్త తక్కువ. దాన్ని అయస్కాంత తుపాకీ లాంటిదానితో వంద మీటర్ల వ్యాసమున్న అర్ధగోళంలోకి విసురుతారు. సరిగ్గా మధ్యకి చేరగానే చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ కిరణాలు ఒక్కసారిగా దాని మీద పడతాయి. ఉండ నలిగి, లోపల సంలీనం అంటుకుని, ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న మహా వేడి వాయువు, బుడగై ఉబ్బుతుంది. ఆ ఉబ్బు గోడని తాకకముందే అయస్కాంత క్షేత్రం అడ్డుపడుతుంది. క్షేత్రం నొక్కుకుపోయి, మళ్ళీ విచ్చుకుంటూ ప్లాస్మాని వెనక్కి తన్నేస్తుంది. ఓడ ముందుకి. ఆ తన్నులోంచే కొంత విద్యుత్తు లాగి తర్వాతి ఉండని పేల్చడానికి దాచుకుంటారు. ఇదంతా అయ్యాక తర్వాతి ఉండకి మిగిలిన టైము ఎంతో తెలుసా? సెకనులో 250వ వంతు. అవును, సెకనుకి 250 ఉండలు, రెండేళ్ళ పాటు, ఆదివారం సెలవు లేకుండా.

ఒక్కో ఉండ నుంచి ఓడకి అందే శక్తి లెక్కేస్తే 160 గిగాజౌళ్ళు వస్తుంది. టీఎన్‌టీ అనే పేలుడు మందు లెక్కలో చెప్పాలంటే 38 టన్నులు. ఇప్పుడు మనం నిజంగా ఎక్కడున్నాం? 2022 డిసెంబరు 5న అమెరికాలో నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజర్ కిరణాలతో ఒక ఉండని పేల్చారు. 2.05 మెగాజౌళ్ళ లేజర్ కాంతి పెడితే 3.15 మెగాజౌళ్ళు వచ్చాయి. చరిత్రలో మొదటిసారి పెట్టినదానికన్నా ఎక్కువొచ్చింది. గొప్ప సంగతే, నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. కానీ ఆ లేజర్లని నడపడానికి గోడ ప్లగ్గులోంచి లాగిన కరెంటు 300 మెగాజౌళ్ళు. డేడలస్ ఉండ ఆ 3.15 మెగాజౌళ్ళకన్నా యాభై వేల రెట్లు పెద్ద పేలుడు. అక్కడ రోజుకి మహా అయితే ఒకటో రెండో పేలుస్తారు, ఇక్కడ సెకనుకి 250 కావాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మన ఇంజను పరిస్థితి. ఆటలో మాత్రం ఇదంతా ఒక స్పేస్‌బార్. ఇది తొండే, ఒప్పుకుంటాను. అయితే నన్నడిగితే ఇది అంత ఆసక్తికరమైన తొండి కాదు. ఇవాళ అంటుకోనిది ఇంకో వందేళ్ళకి అంటుకోవచ్చు. దీన్ని ఫిజిక్స్ అడ్డుకోవట్లేదు.

ఫిజిక్సే అడ్డుపడే చోటు ఒకటుంది. ఇంజను పవర్ అంటే థ్రస్ట్‌ని చిమ్మే వేగంతో గుణించి సగం చేయడం. చాలా చిన్న సూత్రం. దీని అర్థమేమిటంటే, పవర్ ఇంతే ఉందనుకుంటే, ఐఎస్పీ పెంచిన కొద్దీ థ్రస్ట్ పడిపోతుంది. రెండూ కావాలంటే పవర్ పెంచాలి. డేడలస్ ఇంధనాన్ని సెకనుకి 700 గ్రాముల చొప్పున మాత్రమే ఖర్చుపెడుతుంది. ఐఎస్పీ పది లక్షల సెకన్ల పైన. అయినా బయల్దేరేటప్పుడు ఓడకి వచ్చే త్వరణం భూమి గురుత్వంలో వందో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అంత మెల్లగా తోయడానికే ఇంజను పవర్ 40 టెరావాట్లు. ప్రపంచంలో మనుషులందరూ కరెంటు, పెట్రోలు, బొగ్గు, గ్యాసు అన్నీ కలిపి వాడే శక్తి 20 టెరావాట్ల దరిదాపు.

ఆటగాడి వైపు నుంచి చూడండి. కెర్బల్‌లో కాలాన్ని లక్ష రెట్ల వేగంతో తిప్పొచ్చు, కానీ ఇంజను నడుస్తుండగా కుదరదంటుంది. ఇంజను మండుతుంటే నాలుగు రెట్లే హద్దు. డేడలస్ మొదటి దశని నిజాయితీగా మండించాలంటే మీరు కంప్యూటర్ ముందు ఆర్నెల్లు కూర్చోవాలి. పోనీ పది నిమిషాల్లో అయిపోవాలంటే త్వరణం గురుత్వానికి 3,600 రెట్లు కావాలి, కెర్బల్స్ గోడకి అంటుకుపోయిన పచ్చడి అవుతారు. అందుకే మాడ్‌లు రెండు దారులు పట్టాయి. కొన్ని థ్రస్ట్‌ని ఇష్టమొచ్చినట్టు పెంచేశాయి. ఇంకొన్ని, నాకు నచ్చినవి, కాలం వేగంగా తిరుగుతున్నా ఇంజను మండనిచ్చేలా ఆట కడుపులో చెయ్యి పెట్టి మార్చాయి. మామూలు ఆటలోనే ఈ జబ్బుంది. డాన్ అనే అయాన్ ఇంజను చూడండి, ఆటలో 2 కిలోన్యూటన్లు తోస్తుంది. నాసా డాన్ వ్యోమనౌకలో నిజంగా వాడినది 90 మిల్లీన్యూటన్లు. ఇరవై వేల రెట్ల తొండి! దాని తప్పు లేదు. నిజం పెడితే ఆ ఇంజను ఎవరూ వాడరు.

ఇక నా సొంత దుకాణానికి వస్తాను. వేడి.

అంతరిక్షం చల్లగా ఉంటుంది కాబట్టి వేడి దానంతటదే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. గాలి లేదు, నీళ్ళు లేవు, మోసుకుపోయేవాళ్ళు ఎవరూ లేరు. వేడి ఒక్క దారిలోనే పోగలదు, కిరణాల రూపంలో. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే టీవీ ఉపగ్రహాల్లో ఉత్తరం వైపు, దక్షిణం వైపు పలకలే రేడియేటర్లు, ఎందుకంటే వాటి మీద ఎండ అంతగా పడదు. పలక బయట పలచటి అద్దం ముక్కలు పక్కపక్కనే అంటిస్తారు, లోపల అమ్మోనియా ఉన్న గొట్టాలు పొదుగుతారు. వేడి పెట్టె దగ్గర అమ్మోనియా ఆవిరై, చల్లటి చివరికి పోయి ద్రవమై, మళ్ళీ వెనక్కి పాకుతుంది. పంపు లేదు, మోటారు లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. చేత్తో తాకేంత వెచ్చదనంలో ఒక చదరపు మీటరు పలక 400 వాట్లు వదుల్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తెల్లటి మడత రేడియేటర్లు చూసే ఉంటారు. అంత పెద్ద సరంజామా వదిలించుకోగలిగేది 70 కిలోవాట్లు.

ఇప్పుడు 40 టెరావాట్ల ఇంజను పక్కన నిలబడండి. 99 శాతం శక్తి బుద్ధిగా వెనక్కి పోయిందనుకుందాం, ఇది నేను ఉదారంగా వేసుకున్న లెక్క. ఒక్క శాతమే ఓడలో మిగిలింది. అదెంత? 400 గిగావాట్లు. 2024 మే నెలాఖరున ఎండలకి దేశమంతా ఏసీలు వేసుకున్నప్పుడు మన కరెంటు వాడకం రికార్డు కొట్టింది, అది 250 గిగావాట్లు. అంతరిక్ష కేంద్రం లెక్కన యాభై ఏడు లక్షల కేంద్రాల వేడి. ఒక్క శాతం, గుర్తుంచుకోండి.

రేడియేటర్‌ని 1,000 కెల్విన్ల దగ్గర, ఎర్రగా కాలుతున్నంత వేడిలో నడిపితే, రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి 113 కిలోవాట్లు పోతుంది. 400 గిగావాట్లకి మూడున్నర చదరపు కిలోమీటర్లు కావాలి. మన లాల్‌బాగ్ 240 ఎకరాలు. మూడున్నర లాల్‌బాగ్‌లు ఎర్రగా కాలుతూ ఓడకి రెక్కల్లా వేలాడాలి. చదరపు మీటరుకి కిలో బరువే అనుకున్నా, అంత పలచగా ఇవాళ ఎవరూ చేయలేరు, 3,500 టన్నులు. డేడలస్‌లో ఇంధనం కాకుండా ఉన్నది మొత్తం 4,000 టన్నులు. రేడియేటర్లు మోయడానికే ఓడ సరిపోయింది.

దీనికి ఒక తెరపి ఉంది. వేడి వదిలే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. రెట్టింపు వేడి చేసి 2,000 కెల్విన్లకి తీసుకెళ్తే విస్తీర్ణం పదహారో వంతుకి పడిపోతుంది. మంచిదే. అయితే గొట్టాలు, పంపులు, వాటిలో పారే ద్రవం అన్నీ ఆ వేడిలో ఏళ్ళ తరబడి బతకాలి. అదే ఓడలో, పక్కనే, ప్లాస్మాని పట్టుకునే అతివాహక (సూపర్‌కండక్టర్) అయస్కాంతాలు సున్నా కెల్విన్‌కి, అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌కి, దగ్గరగా చల్లగా ఉండాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, హీలియం-3 వాడినా డ్యుటీరియం తనలో తాను కలిసి కొన్ని న్యూట్రాన్లు పుట్టిస్తూనే ఉంటుంది. అవి తిన్నగా పోయి ఆ చల్లటి అయస్కాంతాలనే కొడతాయి.

డేడలస్ గీసినవాళ్ళ తెలివి నాకు ఇక్కడే తెలుస్తుంది. ఇంజనుని ఎందుకు వంద మీటర్ల అర్ధగోళంగా, వెనక అంతా ఖాళీగా పెట్టారు? పేలుడు మధ్యలో జరుగుతుంది, సగం దిక్కు బట్టబయలు. అటు పోయిన న్యూట్రాన్లు, ఎక్స్ కిరణాలు దేన్నీ తాకకుండా శూన్యంలోకి పోతాయి. ఇటు వచ్చినవి పెద్ద గోడ మీద పలచగా పరుచుకుంటాయి. గోడ మాలిబ్డినం లోహం, అదే కాలుతూ తన వేడి తనే వదులుకుంటుంది. అంటే ఇంజను ఆకారాన్ని నిర్ణయించింది థ్రస్ట్ కాదు, వేడి. బొమ్మ చూసినప్పుడల్లా ఇది మా శాఖవాళ్ళు గీసిన ఇంజను అనిపిస్తుంది.

మరి ఆటలో? ఇంజను పక్కన మడత రేడియేటర్లు నాలుగు తగిలించి, తెరిస్తే పనైపోతుంది. కొన్ని మాడ్‌లు దీనికన్నా నయం. సిస్టమ్ హీట్ అనే మాడ్‌లో వేడి పారే దారిని లూపులుగా విడగొట్టి, ఒక్కో లూపుకి ఒక ఉష్ణోగ్రత పెడతారు. వేడి ఇంజనునీ చల్లటి పరికరాన్నీ ఒకే లూపులో పెడితే మీ పని అంతే. అది వేసుకుని ఆడమని పిల్లలకి గట్టిగా చెప్తాను. అయినా అక్కడా రేడియేటర్లు నిజానికన్నా చాలా చిన్నవి. నిజం సైజు పెడితే ఓడ కనపడదు, రెక్కలే కనపడతాయి. నాలుగు గంటలు కష్టపడి కట్టిన ఓడ, స్క్రీన్ మీద ఎర్రటి దుప్పటి మధ్యలో చుక్కలా ఉంటే ఎవరికి నచ్చుతుంది?

ఇంకో రెండు తొండులు గబగబా చెప్పి ఆపేస్తాను. దుమ్ము. 12 శాతం కాంతి వేగంలో ఒక మిల్లీగ్రాము రేణువు తగిలితే 150 కిలోల టీఎన్‌టీ పేలినట్టు. డేడలస్‌కి ముందు బెరీలియం డాలు పెట్టారు. ఆటలో నక్షత్రాల మధ్య దుమ్మే ఉండదు, శుభ్రంగా ఊడ్చేశారు. రెండోది హీలియం-3. డేడలస్‌కి 30,000 టన్నులు కావాలి. చంద్రుడి మట్టిలో ఉందని పేపర్లు రాస్తుంటాయి. మట్టిలో వంద కోట్లకి పది వంతులు అనుకుంటే, మూడు లక్షల కోట్ల టన్నుల మట్టి జల్లించాలి. అందుకే వాళ్ళు చంద్రుణ్ణి వదిలేసి, బృహస్పతి వాతావరణంలో బెలూన్లు తేలేసి ఇరవై ఏళ్ళపాటు పోగుచేద్దామన్నారు. ఓడకన్నా ఆ గనులే పెద్ద ప్రాజెక్టు. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (రిటైరైన పెద్దాయన): మన దేశం ఈ ఫ్యూజన్‌లో ఎక్కడుంది బాబూ?

మాస్టారూ, గాంధీనగర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ ఉంది. అక్కడ ఆదిత్య అనే టోకమాక్, అంటే అయస్కాంతాలతో ప్లాస్మాని పట్టి ఉంచే యంత్రం, 1989 నుంచి నడిచింది, తర్వాత ఎస్ఎస్‌టీ-1 కట్టారు. ఫ్రాన్స్‌లో కొన్ని దేశాలు కలిసి కడుతున్న ఐటర్ అనే ఫ్యూజన్ యంత్రంలో మనం 2005 నుంచి భాగస్వాములం. దాని చుట్టూ ఉండే క్రయోస్టాట్, 3,850 టన్నుల స్టీలు డబ్బా, మన ఎల్ అండ్ టీ చేసిందే. హజీరాలో ముక్కలుగా చేసి పంపారు. అయితే దాన్ని రాకెట్‌తో ముడిపెట్టకండి. ఐటర్ యంత్రం బరువు 23,000 టన్నులు, అనుకున్నట్టు నడిస్తే ఇచ్చేది 500 మెగావాట్లు. డేడలస్ పవర్‌కి అలాంటివి ఎనభై వేలు కావాలి. ఫ్యూజన్ కరెంటు వేరే దారి, ఫ్యూజన్ రాకెట్ వేరే దారి. మొదటిది మన మనవల కాలానికి వస్తే రెండోదాని గురించి వాళ్ళు ఆలోచిస్తారు.

ప్రశ్న (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని): మాడ్‌లో వేరే నక్షత్రం దగ్గరికి వెళ్ళేసరికి నా ఓడ వణికి ముక్కలైపోయిందండీ. అదీ ఫిజిక్సేనా?

కాదమ్మా, అది మీ శాఖే. (నవ్వులు) గేమ్ ఇంజన్లు స్థానాన్ని ఎక్కువగా సింగిల్ ప్రెసిషన్‌లో ఉంచుతాయి, 24 బిట్లు, అంటే ఏడు అంకెల దాకానే కచ్చితంగా ఉంటుంది. మూలబిందువు నుంచి 600 కిలోమీటర్ల దూరంలో పక్కపక్క సంఖ్యల మధ్య తేడా ఆరు సెంటీమీటర్లు. అంటే ఓడలో ఒక నట్టు ఆరేసి సెంటీమీటర్లు గెంతుతూ ఉంటుంది. కీళ్ళు విరిగిపోతాయి. ఆటగాళ్ళు దానికి క్రాకెన్ అని పేరు పెట్టారు. అందుకని ఓడని మూలబిందువు దగ్గరే నిలబెట్టి లోకాన్నే వెనక్కి జరుపుతారు. గ్రహాల స్థానాలు డబుల్ ప్రెసిషన్‌లో, అంటే పదిహేను అంకెల పైచిలుకు కచ్చితత్వంతో పెడతారు. అది చాలా ఎక్కువనుకుంటాం కదా? నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో డబుల్ ప్రెసిషన్ కూడా ఎనిమిది మీటర్ల కన్నా సన్నగా కొలవలేదు. ఒక నక్షత్రాన్ని మూలంగా పెట్టుకుని ఇంకో నక్షత్రం దగ్గర డాకింగ్, అంటే రెండు ఓడల్ని కలపడం, చేద్దామంటే ఇక చూసుకోండి. అక్కడికి చేరాక మూలాన్ని ఆ నక్షత్రానికి మార్చుకోవాలి.

ప్రశ్న (అదే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని): ఐన్‌స్టీన్ సంగతి? ఆటలో టైము అందరికీ ఒకటేగా నడుస్తుంది.

ఫ్యూజన్ వేగాలకి అది పెద్ద తొండి కాదు. 12 శాతం దగ్గర గడియారం తేడా ముప్పావు శాతం లోపే. 46 ఏళ్ళ ప్రయాణంలో ఓడ గడియారం నాలుగు నెలలు వెనకబడుతుంది. నలభై ఆరేళ్ళలో నాలుగు నెలలు ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న (తొమ్మిదో క్లాసు అబ్బాయి): అంకుల్, డేడలస్ ఆగదన్నారు. నేను ఆటలో ఆగాలనుకుంటున్నాను. ఎంత ఇంధనం వేసుకోవాలి?

మంచి ప్రశ్న నాన్నా, దీనికి నోటుబుక్కు తియ్యి. చిమ్మే వేగం సెకనుకి 10,000 కిలోమీటర్లు అనుకో. 36,000 వేగం అందుకోవడానికి నిండు బరువు ఖాళీ బరువుకి 37 రెట్లుండాలి. ఆగడానికి మళ్ళీ అంత వేగం చంపాలి కదా? అప్పుడు 37 రెండింతలు కాదు, 37ని 37తో గుణించాలి. సరిగ్గా లెక్కేస్తే 37 కాదు, 36.6, కాబట్టి 1,340 రెట్లు. టన్ను ఓడకి 1,340 టన్నులు. డేడలస్‌వాళ్ళు ఎందుకు ఆగలేదో ఇప్పుడు తెలిసిందా? కాబట్టి నువ్వు 12 శాతం ఆశ వదులుకో. 6 శాతానికి వెళ్ళి, ఆ 6 శాతాన్ని అక్కడ చంపుకుంటే మొత్తం 37 రెట్లే సరిపోతుంది. బార్నార్డ్‌కి వందేళ్ళు పడుతుంది, ఆటలో లక్ష రెట్ల వేగంతో తిప్పితే ఎనిమిది, తొమ్మిది గంటలు. రాత్రి పెట్టి పడుకో.

చాలామంది ట్యాంకు సగం కాగానే ఇంజను ఆపేస్తారు, మిగతా సగం బ్రేకుకి అనుకుని. అది తప్పు. మొదట్లో ఓడ బరువెక్కువ, అంచేత వేగం పెంచడానికే ఎక్కువ ఇంధనం పోతుంది. చివర్లో ఓడ తేలికైపోతుంది, కొంచెంతోనే ఆగుతుంది. ఈ 37 రెట్ల ఓడకి లెక్కేస్తే, 6 శాతం వేగం అందుకునేసరికి ట్యాంకులో 14 శాతమే మిగులుతుంది. ఆ 14 శాతం ఆగడానికి సరిగ్గా చాలు. మీటరు 14 చూపించగానే ఇంజను ఆపు, ఓడని వెనక్కి తిప్పి పెట్టుకో. రేడియేటర్లు మాత్రం మడవకు, బ్రేకు వేసేటప్పుడు ఇంజను మళ్ళీ అంతే కాలుతుంది.